గాటు ఏ కనుబొమ్మకు

నరసరావుపేటలో మా బజారు చివరి గోడ మీద పదకొండు రాతి ముఖాలున్నాయి. చెక్కింది నేనే. ఏడో ముఖం కిరాణా కొట్టు నడిపిన మనిషిది. ఆయన కుడి కనుబొమ్మకు గాటు పెట్టాను. గోడ ప్రారంభం రోజున ఆ గాటు గురించి మైకులో ఒక మాట చెప్పాను. జనం నవ్వారు. మర్నాడు పేపరు జిల్లా పేజీలో కూడా ఆ మాట వచ్చింది. అది తప్పు. ఆ సంగతి రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది.

నేను రాతి బొమ్మలు చెక్కుతాను, లినోలియం అనే మెత్తటి పలక మీద కోసి అచ్చులు తీస్తాను. మూతపడ్డ నూనె మిల్లులో ఒక షెడ్డు నా పనిచోటు. బజారులో కొట్లు నడిపి కాలం చేసినవాళ్ల ముఖాలు గోడ మీద ఉంటే బాగుంటుందని కొట్లవాళ్లే వచ్చి అడిగారు. నేను ఒక పద్ధతి పెట్టాను. ఇంటివాళ్లు ఫోటో తెస్తారు. నేను ముందు లినోలియం మీద ముఖం కోస్తాను. వాళ్లే వచ్చి సిరా పూసి, కాగితం పరిచి, గరిటె వెనకతో రుద్ది అచ్చు తీసుకుంటారు. ఆ అచ్చు చూసి ఇంటివాళ్లు ఔనన్నాకే నేను రాయి ముట్టుకుంటాను. నాపరాయిలో ఒకసారి పెచ్చు లేస్తే మళ్లీ అతకదు. అందుకే ఆ కట్టుబాటు. పది ముఖాలకు దాన్ని తప్పలేదు.

కిరాణా ఆయన ఫోటోలంటే పారిపోయే మనిషట. ఆధార్ కార్డులో ముఖం నల్లటి ముద్దలా ఉంది. మిగిలింది ఒక్కటే, కొత్త ఫోను నేర్చుకుంటూ తనే తీసుకున్న సెల్ఫీ. బనీను మీద ఉన్నాడు, వెనక ఉత్త నీలం గోడ. కనుబొమ్మను అడ్డంగా చీలుస్తూ గాటు స్పష్టంగా ఉంది. పోవడానికి కొన్నేళ్ల ముందు కొట్టు షట్టర్ అంచు తగిలి పడిందట.

"గాటు తీసేయండి అంకుల్, గోడ మీద ఎందుకది" అంది సత్తెనపల్లి నుంచి వచ్చిన ఆయన కూతురు.

నేనే వద్దన్నాను. అది లేకపోతే ఆ ముఖం బజారులో ఏ షావుకారుదైనా కావచ్చు, అదుంటేనే ఆయన అన్నాను. ఆ రోజు ఆ పిల్ల మాట విని ఉంటే ఇదేదీ జరిగేది కాదు.

అచ్చులు తీసేవాడికి ఒక తెగులుంటుంది. పలక మీద కోసింది కాగితం మీద తిరగబడుతుంది. కుడి ఎడమవుతుంది. ముప్పై ఏళ్లుగా అదే పని కాబట్టి ఏది చూసినా నా బుర్ర ముందు దాన్ని తిరగేస్తుంది. సెల్ఫీ అనగానే అద్దం అనుకున్నాను. ఫోను ముఖాన్ని తిప్పేసి ఉంటుంది, నేను మళ్లీ తిప్పితే సరిపోతుంది అనుకున్నాను. ఆలోచించాను అని కూడా చెప్పలేను. ఫోటోలో ఎడమ కనుబొమ్మకున్న గాటును నా చెయ్యి కుడి కనుబొమ్మకు మార్చేసింది, అంతే.

అచ్చు తీసే రోజు ఆయన భార్య వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద, అక్కయ్యా అని పిలుస్తాను. గరిటెతో రుద్ది కాగితం పైకెత్తింది. చూసి నవ్వింది. అంతలోనే నవ్వు ఆగింది.

"గాటు ఇటు కాదు తమ్ముడూ, అటు."

"సెల్ఫీ అద్దం లాంటిదక్కయ్యా. ఫోను తిప్పేసింది. నేను సరిచేశాను."

"ఏందో, నాకు ఆ ఫోను సంగతి తెలవదు. మందు రాసింది నేను కదా. ఆ వైపే."

"ఏ చేత్తో రాశావు?"

"ఈ చేత్తోనే" అని కుడిచెయ్యి చూపించింది.

"ఎదురుగా నిలబడా, పక్కన కూర్చునా?"

ఆమె ఆలోచించింది. "ఒక్కోసారి పడుకుని ఉండేవాడు."

"తల ఎటు పెట్టి?"

ఇట్లా వకీలులాగా అడుగుతూ పోయాను. ఆమె గాల్లో చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. వెనక నిలబడ్డ కొట్లవాళ్లలో ఒకాయన "ఈయన చదువుకున్నోడమ్మా, ఊరికే చెప్తాడా" అన్నాడు. అప్పుడు నేను అనకూడని మాట అన్నాను.

"ఆయన పోయిన దగ్గర్నుంచి రోజూ ఈ ఫోటోనే చూస్తున్నావు కదక్కయ్యా. నీకు గుర్తున్నది ఫోటో. ఆయన కాదు."

ఆమె కాగితం వైపు చూసి "అంతేనేమో" అంది. నేను దాన్ని ఔను కింద లెక్కేసుకుని మర్నాడే రాయి ముట్టుకున్నాను.

ప్రారంభం రోజున మైకు చేతికిచ్చారు. ఏదో ఒక సరదా సంగతి చెప్పాలి కదా. "భర్త గాటు ఏ వైపో భార్యకే గుర్తు లేదు, చెక్కినవాడు గుర్తు చెయ్యాల్సి వచ్చింది" అన్నాను. అందరూ నవ్వారు. ముందు వరసలో కూర్చున్న ఆమె కూడా పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అది సిగ్గు అనుకున్నాను.

ఆ తర్వాత కొట్టుకు ఎవరొచ్చినా అదే వేళాకోళం. "ఏం వదినా, కందిపప్పు కుడి బస్తాలోదా, ఎడం బస్తాలోదా?" అని నా ముందే ఒకావిడ అడిగింది. "మా బొమ్మల తమ్ముణ్ణి అడుగు, ఆయనకే తెలుసు" అంది ఆమె. దానికీ నవ్వాను.

రెండు నెలల తర్వాత గడ్డం గీయించుకోవడానికి సెలూన్‌కు వెళ్లాను. కిరాణా కొట్టుకు ఎదురుగానే ఉంటుంది, ఒక్క కుర్చీ పట్టేంత ఇరుకు. సబ్బు నురగ పూస్తూ ఆ సెలూనాయన అన్నాడు:

"మాస్టారూ, ఒక మాట అంటే కోపం రాదుగా? ఆ షావుకారి గాటు తప్పు వైపు పెట్టారు."

నేను మళ్లీ సెల్ఫీ, అద్దం అని మొదలుపెట్టాను. ఆయన కత్తి ఆపాడు.

"నేను అద్దానికి గొరుగుతానా ఏంది? మీకు ఎడం పక్కన ఏముంది చూడండి."

గోడ ఉంది. కుర్చీకీ గోడకీ మధ్య జానెడు సందు.

"గాటు మానిందాకా ఆ కణత దగ్గర గీయాలంటే నేను ఈ సందులో దూరి ఎడం చెయ్యి అడ్డం పెట్టి గీసేవాణ్ణి. షావుకారు 'నీ పొట్ట తగుల్తందిరా' అని తిట్టేవాడు. కుడి వైపైతే నాకు ఆ తిప్పలెందుకు, బోలెడు చోటుందిగా. నా గోడేమీ జరగలేదు మాస్టారూ."

ఎదురుగా అద్దంలోకి చూశాను. అద్దంలో కూడా గోడ నా ఎడమ చేతి వైపే ఉంది. అయితే అద్దం తిప్పేది ఏమిటి, నా ఎడమ అద్దంలో మనిషికి ఏమవుతుంది? సగం గడ్డంతో కూర్చుని చేతులు ఎత్తి చూసుకున్నాను. ముప్పై ఏళ్లుగా తిరగేసి కోస్తున్నవాణ్ణి, ఆ నిమిషంలో నాకు ఏ చెయ్యి ఏదో తెలియలేదు.

బయటికొచ్చి కూతురికి ఫోన్ చేశాను. వాళ్ల నాన్న ఫోను ఆ అమ్మాయి దగ్గరే ఉంది. ఏదైనా అక్షరాలున్న కాగితం పట్టుకుని సెల్ఫీ తీసి పంపమన్నాను. పంపింది. అక్షరాలు తిన్నగా ఉన్నాయి. ఆ ఫోను ఏమీ తిప్పలేదు. తిప్పింది నేనే. ఈ పరీక్షకు నిమిషం పట్టింది. పలక కోసే ముందు చేసి ఉండాల్సింది.

"అమ్మ మొదటే చెప్పిందిగా అంకుల్" అంది ఆ అమ్మాయి. "ఇప్పుడు తనే మారిపోయింది. మొన్న నేను ఎడమ వైపేమో అంటే, కాదు కుడే, మీ నాన్న ముఖం నీకే గుర్తు లేదా అని నన్ను తిట్టింది."

ఇక్కడ ఆగిపోయాను. ఆమెకు చెప్పాలా? చెబితే మనసు కుదుటపడుతుందా, ఇంకోసారి చెదురుతుందా? గోడ మీద పొరపాటు కంటే నా పేరు గురించే ఎక్కువ ఆలోచించాననేది కూడా నిజం. వారాలు గడిచాయి, నెలలు గడిచాయి. ఆ కొట్టు ముందు నుంచి కాకుండా వెనక సందులోంచి నడవడం అలవాటు చేసుకున్నాను. చివరికి ఒక మధ్యాహ్నం, బేరాలు లేని వేళ చూసి వెళ్లాను. సెలూన్ గోడ సంగతీ, ఫోను సంగతీ అన్నీ చెప్పాను. తప్పు నాది, నువ్వు చెప్పిందే నిజం అన్నాను.

కోప్పడుతుందనుకున్నాను. పొట్లం కట్టే కాగితాలు సర్దుతూ అంది:

"ఇప్పుడు చెప్తే ఏం చెయ్యమంటావు తమ్ముడూ? ఆ రోజు నువ్వు చెప్పాక కళ్లు మూసుకుని చానా సార్లు ఆయన్ని తలుచుకున్నా. మొదట్లో గాటు ఎడం వైపే కనపడేది. అది ఫోటో, ఆయన కాదు అని తిప్పుకునేదాన్ని. తిప్పీ తిప్పీ ఇప్పుడు రెండు వైపులా వచ్చిద్ది. ఒక్కోసారి గాటే రాదు. ముఖం ఎవరిదో లాగా ఉంటది."

రాయి సరిచేస్తానన్నాను. నీ ఇష్టం అంది.

కుడి కనుబొమ్మ గాటును రాతి పొడి, తెల్ల సిమెంటు కలిపి పూడ్చాను. ఎడమ కనుబొమ్మకు కొత్తగా గాటు కోశాను. ఎంత రుద్దినా పూడ్చినచోటు రంగు కలవలేదు. ఎండలో తెల్లగా అడ్డంగా కనిపిస్తుంది. ఇప్పుడు ఆ ముఖానికి రెండు గాట్లున్నట్టుంది.

ఆమె వచ్చి చూసింది.

"ఇందులో ఆయనది ఏది?"

"ఎడమది అక్కయ్యా."

"ఖాయమేనా?"

"ఖాయం. నా మాట నమ్మొద్దు. మొదట నువ్వన్న మాటే నమ్ముకో."

"ఆ మాట నేనన్నానని కూడా నువ్వే చెప్తన్నావుగా" అంది. ఎత్తిపొడుపు లేదు అందులో, నిజంగానే అడుగుతున్నట్టు అంది. ఎవరో కొట్టు ముందు నిలబడి పిలుస్తుంటే వెళ్లిపోయింది.

ఆ మాట నా ఒక్కడి నోటే ఉండకూడదు. అందుకే ఇది రాస్తున్నాను, ఆ రోజు మైకు ముందు నవ్విన వాళ్ల కోసం. షావుకారి గాటు ఎడమ కనుబొమ్మకు. ఆయన భార్యకు అది గుర్తుండేది, మొదటి చూపులోనే చెప్పింది. మరిచిపోయేలా చేసింది నేను. కొట్టుకు వెళ్లినప్పుడు కుడా ఎడమా అని ఆమెను ఇంక ఎవరూ అడగకండి.