తూర్పుకి తిరిగిన బెంచీలు

మా రైల్వే కాలనీ పార్కులో బెంచీలన్నీ తూర్పుకే తిరిగి ఉంటాయి. తూర్పున చూడ్డానికేమీ లేదు. ఇనుప కంచె, కంచె అవతల లూప్ లైను, దాని మీద ఖనిజం నింపుకుని సిగ్నల్ కోసం కాచుకున్న గూడ్సు బండి. చూడాలంటే పడమర చూడాలి. అటు బైలాడీలా కొండలు, వానాకాలంలో వాటి మీద కూర్చునే మబ్బులు. కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లు ఎవరో ఒకరు అడిగేవారు, "ఈ బెంచీలు వెనక్కి తిప్పి వేశారేమండీ?" అని.

వేసింది భూషణం. విశాఖపట్నంలో బీచి పక్కనున్న పార్కులో బెంచీలు సముద్రం వైపు ఉంటాయి. సముద్రం తూర్పున ఉంటుంది. కాబట్టి పార్కన్నాక బెంచీ తూర్పుకి వేయాలి. అతని చేతులు అంతవరకే ఆలోచించాయి. సిమెంటు గట్టిపడ్డాక నేను చూసి అడిగితే నెత్తి కొట్టుకుని నవ్వాడు.

"పోన్లే శామ్యూలూ, ఆ బండెల్లేది మా ఊరికే గదా. దాన్నే సూసుకుందాం."

భూషణం మా పార్కుకి మాలీ. నేను స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి ఈ మధ్యే రిటైరయ్యాను, క్వార్టరు ఇంకా ఖాళీ చేయలేదు. మా క్వార్టర్లు ఏళ్ల తరబడి పక్కపక్కనే. అతనిది భీమిలి దగ్గర పల్లె. కుర్రతనంలో విశాఖ బీచి రోడ్డులోని ఆ పార్కులో కాంట్రాక్టరు కింద పనిచేశాడు. దాని గురించి అతను చెప్పగా చెప్పగా, ఎప్పుడూ సముద్రమే చూడని మా కాలనీ పిల్లలకి కూడా ఆ పార్కు కంఠతా వచ్చేసింది. గేటు పక్కన సిమెంటు ఏనుగు, దాని తొండమే జారుడుబల్ల. ఏనుగు వెనక పిల్లల రైలు. స్కేటింగు నేర్చుకునే నున్నటి గచ్చు, దాని చుట్టూ పిల్లల చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడే తల్లులు. సాయంత్రమైతే ముంత కింద పప్పు అమ్మేవాళ్లు, ఇసకలో ఆడి తడిసిన లాగులతో కుళాయి దగ్గర వరస కట్టే పిల్లలు.

అక్కడ పొద్దున్నే అతని పని మొక్కలకి నీళ్లు పెట్టడం కాదు, ఆకులు కడగడం. రాత్రంతా సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు ఆకుల మీద పేరుకుంటుంది. కడక్కపోతే అంచులు మాడిపోతాయి. పైపుని వేలితో నొక్కిపట్టి, నీటిని పల్చటి తెరలాగా చేసి, పై నుంచి కిందికి కడుక్కుంటూ రావాలి.

రైల్వేలో ఉద్యోగమిచ్చి ఇక్కడికి పంపినప్పుడు, కొన్నాళ్లు చెయ్యి, తర్వాత విశాఖకే తెచ్చేస్తాం అన్నారట. ఇక్కడ ఉప్పు లేదు, ఎర్ర దుమ్ముంది. పొద్దుటికి పచ్చటి ఆకు ఇటుక రంగులోకి తిరుగుతుంది. భూషణం పైపు నొక్కిపట్టాడు. బస్తర్ అంతటా ఖనిజం దుమ్ము పడే ఊళ్లన్నిట్లోనూ పచ్చగా మెరిసే తోట మాదొక్కటే అయింది. అతని జీవితాన్ని పాడు చేసింది అదే.

దుమ్ము ఆకుల మీదే పడి ఊరుకోలేదు, అతని భార్య దేవుడమ్మ ఊపిరితిత్తుల్లో కూడా పడింది. ఆవిడ రెండు అంగలేస్తే ఈల వేసినట్టు రొప్పేది. విశాఖ డాక్టరు పరీక్ష చేసి, మళ్లీ ఆ కొండల్లోకి వెళ్లావంటే నా దగ్గరికి రాకు అన్నాడు. అప్పట్నుంచీ ఆవిడ విశాఖలో చెల్లెలి ఇంటి పక్కన ఒక గది తీసుకుని, అపార్టుమెంటుల్లో వంటలు చేసుకుంటోంది. ఇతనిక్కడ. సెలవు పెట్టి వెళ్దామంటే వానలకి కొండ జారి లైను మూసుకుపోతుంది. మావోయిస్టుల బంద్ పిలుపు వచ్చిన వారాల్లో పాసింజరు దంతెవాడలోనే ఆగిపోతుంది, పైకి రాదు. ఖనిజం బండి మాత్రం ఎలాగో ఒకలాగ పోతూనే ఉంటుంది.

సాయంత్రం పని ముగిశాక అతను ఇక్కడ బెంచీ మీద కూర్చునేవాడు. ఆవిడ అక్కడ ఆ పార్కులో బెంచీ మీద కూర్చుని ఫోన్ చేసేది. స్పీకరు పెట్టే మాట్లాడుకునేవాళ్లు, దాపరికం లేదు.

"నీ ఏనుక్కి రంగులేసినారు," అనేది దేవుడమ్మ.

"ఏ రంగు?"

"గులాబీ రంగు."

"ఏనుక్కి గులాబీ రంగేటే! ఎవుడేసినాడు? ఆడికి కళ్లున్నాయా?"

"నువ్వొచ్చి మార్సు మరి. ఎప్పుడొస్తావు?"

ఆ మాట దగ్గర భూషణం స్పీకరు తీసేసి ఫోన్ చెవికి పెట్టుకునేవాడు.

ఎప్పుడు పంపుతారని అతను అడగని సాహెబు లేడు. విశాఖలో రైల్వే పార్కులున్నాయి, ఆటస్థలాలున్నాయి, మాలీలు కావాలి. ఖాళీలు వచ్చేవి కూడా. "భూషణ్, తుమ్ చలే జాఓగే తో ఇస్ బగీచే కా క్యా హోగా?" అనేవాడు ప్రతి సాహెబూ, భుజం తట్టి. నువ్వెళ్లిపోతే ఈ తోట గతేంటి అని. భూషణం సిగ్గుపడుతూ నవ్వేవాడు. తాగి డ్యూటీకి వచ్చే గ్యాంగ్‌మన్ అప్పయ్యని, ఇక్కడ భరించలేక, విశాఖ యార్డుకి బదిలీ చేసేశారు. ఆ రోజు స్టేషన్లో అప్పయ్యకి వీడ్కోలు చెప్పి వచ్చి, భూషణం బెంచీ మీద కూలబడ్డాడు.

"ఆడు తాగి దొర్లినాడు, పంపీసినారు. నానేటి నేరం సేసినాను?"

"బాగా పనిచేశావు," అన్నాను.

నేను వేళాకోళానికే అన్నాను. అతను మాత్రం తోట వంక తిరిగి చూశాడు. అప్పుడే అతనికి ఆలోచన వచ్చిందనుకుంటాను.

ఏటా ఎండలు ముదరక ముందు విశాఖ నుంచి పెద్ద సాహెబు తనిఖీకి వస్తాడు. పార్కులో నాలుగడుగులు వేసి, టీ తాగి, ఫోటో దిగి వెళ్తాడు. దానికి కొద్ది వారాల ముందు ఒక సాయంత్రం భూషణం నన్ను పక్కకి పిలిచాడు.

"ఈ పాలి నీలెట్టను. ఎండబెట్టీస్తాను. ఆలే పొమ్మంటారు."

"ఎండబెట్టగలవా?"

"జొరమని తొంగుంటాను. సూడకపోతే సాలు గదా. ఎవులికీ సెప్పకు. సెల్లెమ్మకి అసలే వొద్దు, ఆ మనిసి మొహంలో అబద్దం నిలవదు."

చెల్లెమ్మ అంటే నా భార్య శాంతిప్రియ. అతను అన్నది నిజం. ఆమెకి ఏదైనా చెప్తే ఆమె మొహమే ఊరంతటికీ చెప్పేసేది. నేను మాటిచ్చాను.

భూషణం కంబళి కప్పుకుని పడుకున్నాడు. పార్కు వైపు కిటికీ మూసేసుకున్నాడు. మొదట పచ్చిక అంచులు పసుపెక్కాయి. క్రోటన్లు మెడలు వాల్చేశాయి. దుమ్ము పడి మందారాలేవో, నూరువరహాలేవో పోల్చుకోలేకుండా అన్నీ ఒకే రంగయ్యాయి. రోజూ పార్కులో గడ్డి కోసుకుని మేకలకి పట్టుకెళ్లే బుధ్రి కంచె దగ్గర నిలబడి, చేతిలో కొడవలితో, "మాలీ చచ్చిపోయాడా?" అని హిందీలో అడిగింది. లేదు, జ్వరం అన్నాను. ఆమె నమ్మినట్టు లేదు.

నమ్మింది శాంతిప్రియ. మిరియాల చారు పట్టుకెళ్లి ఇచ్చి, తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఏవండీ, అన్నయ్య లేవలేకపోతున్నాడు. పెద్దాయన వచ్చి ఈ తోట చూస్తే ఉద్యోగం ఉంచుతాడా?"

"రైల్వేలో అంత తేలిగ్గా ఉద్యోగం పోదులే."

"పెళ్లాన్ని వదిలి ఒక్కడే పడున్నాడు. ఆ ముక్క కూడా పోతే ఏం తింటాడు? మీకేం, పాయింటు కొట్టేసి వచ్చి పడుకుంటారు. లేవండి, బకెట్టు తీయండి."

ఆమె కాలనీ అంతా తిరిగింది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు, బట్టలు ఆఖరున జాడించిన నీళ్లు, ఏవీ పారబోయొద్దంది. పిల్లలు బడికెళ్తూ సీసాలతో పోసేవారు. ఊరికే మొక్కల మొదళ్లలో పోసి ఊరుకున్నా సరిపోయేదేమో, మొక్కలు బతికేవి, తోట మాత్రం ఎర్రగా చచ్చినట్టే కనిపించేది. కానీ శాంతిప్రియ ఇన్నేళ్లూ వంటింటి కిటికీలోంచి భూషణాన్ని చూస్తూనే ఉంది. చెంబుతో పై నుంచి పల్చగా, కిందికి, ఆకు ఆకూ కడిగించింది. బకెట్లు మోసినవాళ్లలో నేనొకణ్ణి.

రెండో రోజే వెళ్లి భూషణానికి చెప్పాను.

"ఆపమంటావా?"

అతను లేచి కూర్చున్నాడు. మూసిన కిటికీ అవతల నీళ్ల చప్పుడు, ఆడవాళ్ల మాటలు, మధ్యలో శాంతిప్రియ ఎవర్నో కసురుతున్న గొంతు.

"ఏటని ఆపుతావు? నాను దొంగ జొరం తెచ్చుకున్నానని సెప్తావేటి?" అన్నాడు. మళ్లీ, "ఆకులు గూడా కడుగుతంది గదా," అన్నాడు. తల పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగాక కంబళి మొహం మీదికి లాక్కున్నాడు.

పెద్ద సాహెబు వచ్చిన రోజు తోట కడిగిన పళ్లెంలా ఉంది. భూషణాన్ని లేపి తీసుకొచ్చి నిలబెట్టారు. కంబళి మీదే దండ వేశారు. మాలీ మంచం పట్టినా కాలనీ ఆడవాళ్లు తోటని బతికించుకున్నారని ఎవరో చెప్పగానే సాహెబు కరిగిపోయాడు. కుటుంబాలు ఇంతగా ప్రేమించే మనిషిని ఇక్కణ్ణుంచి ఎవరు కదిలిస్తారు అని అందరి ముందూ అన్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది శాంతిప్రియ.

"అన్నయ్యా, ఉద్యోగం దక్కింది!" అంది ఇంటికొచ్చాక, అన్నం పెడుతూ.

"నీ సలవే సెల్లెమ్మా," అన్నాడు భూషణం. పెట్టిందంతా తిన్నాడు.

ఆ తర్వాత అతను మళ్లీ ఆ ప్రయత్నం చేయలేదు. చేసినా ఏం లాభం, ఈసారి మొదటి రోజు నుంచే బకెట్లు సిద్ధంగా ఉంటాయి. ఏటా వానలకి లైను మూసుకుపోయేది, ఏటా తెరుచుకునేది. సాయంత్రాలు ఫోన్ వచ్చేది. ఏనుగు గులాబీ రంగు వెలిసిపోయింది. పిల్లల రైలు కొన్నాళ్లు ఆగి, మళ్లీ నడిచింది. భూషణం జుట్టు తెల్లబడింది. అసలు సంగతి ఆమెకి చెప్పేయనా అని ఒకట్రెండు సార్లు అడిగాను. "సెప్పావంటే నీతో మాటాడను," అన్నాడు.

మొన్న క్రిస్మస్ అయిన కొద్ది రోజులకి శాంతిప్రియ పోయింది. గుండె. ఆసుపత్రి జీపు వచ్చేలోపే అయిపోయింది. జీవితంలో ఎవరినీ పువ్వు తెంపనివ్వని భూషణం, ఆ పొద్దున పార్కులో పువ్వన్నది లేకుండా కోశాడు. బంతులు, చామంతులు, మందారాలు, మొగ్గలతో సహా. పువ్వుల కింద శవపెట్టె కనిపించలేదు.

దేవుడమ్మ వద్దన్నా వినకుండా, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని పాసింజరులో వచ్చింది. సమాధుల దగ్గర్నుంచి తిరిగొచ్చాక ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. ఆ దొంగ జ్వరం సంగతి భూషణం అప్పుడు చెప్పాడు ఆవిడకి. ఆవిడ నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. వీపు రాస్తూ కూర్చున్నాడు.

"ఆ మాట ఆవిడికి సెప్పలేదు గదా?" అంది ఊపిరి అందాక.

"లేదు."

"బతికించావు," అంది. మర్నాటి బండికే వెళ్లిపోవాల్సి వచ్చింది. పెదాలు నీలంగా అయిపోయాయి.

అదే వారంలో మా లైను వేరే డివిజన్ కిందికి పోతోందని మాట వచ్చింది. పోయేలోపు కొందరిని విశాఖ వైపు వదిలేస్తారట, తర్వాత అటు దారి మూసుకుపోయినట్టేనట. తనిఖీకి పెద్ద సాహెబు ఆఖరిసారి వస్తున్నాడు. భూషణం కుళాయి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నీ కాడుంచు. నా కాడుంటే ఉండలేను."

"ఈసారి పోసేవాళ్లెవరూ లేరు. నేనెవర్నీ పోయనివ్వను. ఎండబెట్టు," అన్నాను. నిజంగానే అన్నాను. ఒక్కడైనా బయటపడాలి ఇక్కణ్ణుంచి.

కంబళి కప్పుకోలేదు. కిటికీ మూసుకోలేదు. గుమ్మంలో కూర్చుని తోట వంకే చూస్తూ గడిపాడు. దుమ్ము దాని పని అది చేసుకుపోతోంది. నాకు వంటింటి కిటికీ దగ్గరికి పోబుద్ధి కాలేదు.

ఇంకా తెల్లగా వెలుతురు రాకముందే ఒక పొద్దున తలుపు తట్టాడు.

"ఆ తాళం ఇటియ్యి."

"ఎందుకు?"

"ఆ మందారం మూల సెల్లెమ్మ కడిగిందేరా."

తాళంచెవి నా చొక్కా జేబులోనే ఉంది. అయినా అల్మరాలో, అటక మీద, దిండు కింద వెతికాను. అతను గుమ్మంలో నిలబడే ఉన్నాడు. ఇక వెతకడానికి చోటు లేక ఇచ్చేశాను.

కాసేపటికి నీళ్లు ఆకుల మీద పల్చగా పడే చప్పుడు మొదలైంది. లూప్ లైన్లో నిండు బండికి సిగ్నల్ పడినట్టుంది, పెట్టె పెట్టె లాక్కుంటూ కదిలింది. ఆ మోతలో అతని గొంతు పెద్దదైంది. ఒక చేత్తో పైపు, ఒక చేత్తో ఫోన్.

"లేదే. ఈ పాలి గూడా అవ్వదు," అంటున్నాడు. అవతల దేవుడమ్మ ఏమందో వినపడలేదు. బండి వెళ్లిపోయేదాకా అతను ఆకులు కడుగుతూనే ఉన్నాడు.

"సరేగానీ," అన్నాడు తర్వాత, "ఏనుగెలాగున్నాది?"