దావీదురాజు చేను, చాపంత గరిక

పత్తికొండ చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో గరిక తవ్వించాలంటే ఒకప్పుడు ముందు దావీదురాజు ఇంటికే మనిషిని పంపేవాళ్లు. పెద్ద రైతుల చేలు తవ్వాడు. చర్చి మాన్యం తవ్వాడు. కోసిగి దాకా పోయి, పశువులు కూడా తొక్కని బీడును తవ్వి పంటకు తెచ్చాడు. నడివేసవిలో నలుగురిని వరసగా నిలబెట్టి, నాలుగు గడ్డపారలు ఒక్కసారే దింపించి, మోకాటి లోతు మట్టిపెడ్డను పెళ్లగించి బోర్లా వేయించేవాడు. ఆ పెడ్డలు మిగిలిన వేసవంతా ఎండాలి. లోపలి వేరును వంచితే పుటుక్కున విరగాలి. విరగకుండా వంగిందంటే ఇంకా ప్రాణం ఉన్నట్టే. ఆ వేర్లన్నీ ఏరి, గట్టు మీద కాల్చేదాకా కూలి మాటెత్తేవాడు కాదు. ఆయన తవ్విన చేలో మళ్లీ గరిక లేచిందని అన్నవాళ్లు లేరు. ఈ పక్క ఏ ఊళ్లోనైనా అడిగి చూడండి.

ఇంతమంది భూములు బాగుచేసిన మనిషికి సొంతానికి దక్కింది రెండెకరాలు. ప్రభుత్వం పట్టా ఇచ్చిన రోజున అది ఉత్త గరికబీడు. కూలి పనులు అయిపోయాక భార్య విశ్వాసమ్మా తానూ తవ్వి తవ్వి దాన్ని నల్లగా, శుభ్రంగా తేల్చారు. విశ్వాసమ్మ పోయాక ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే: ఆ చేను గరికపోచ లేకుండా కూతురు మహిమ చేతికి అందాలి.

నిరుడు ఎండాకాలం కాలుజారి పడితే తుంటి విరిగింది. కర్నూలులో ఆపరేషను చేసి మంచానికి పంపారు. అప్పుడే తొలకరి పడింది. పొరుగువాళ్ల గట్టు నుంచి చేలోకి ఒక మూల చాపంత మేర గరిక పాకి ఉంది. పడకముందే అది చూసిన దావీదురాజు అల్లుడు జయపాల్‌ను పిలిచాడు.

“ఆ మూల గడ్డపారతో తవ్వినాకనే సేద్యం చెయ్యప్పా.”

“అట్లనే మామా.”

జయపాల్ కష్టజీవే. కానీ నేలలో పదును ఆరిపోతోంది, ట్రాక్టరు ఆరోజు వదిలేస్తే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఇనప పళ్లతో మట్టిని చిన్నచిన్న ముక్కలు చేసే రోటావేటరుతో చేనంతా, ఆ మూలతో సహా, దున్నించేశాడు. ఇంటికొచ్చి సంబరంగా చెప్పాడు.

“నీ గరిక పిండిపిండి అయిపాయె మామా. ఆ పండ్ల కింద పడినాక ఇంగేం మిగుల్తాది?”

దావీదురాజు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“ఏం నాయనా, నొప్పి చేస్తాందా?” అంది మహిమ.

“ముక్కముక్కకూ కణుపుంటాదమ్మా. కణుపుకొక గరిక లేస్తాది. చేనంతా నాటొచ్చినాడు మీ ఆయన.”

పత్తీ గరికా ఒకేసారి మొలిచాయి. గరికకు పైన పాకే తీగ ఒకటి, మట్టిలో లోతుకు దిగే తీగ ఇంకొకటి. ఆడకూలీలు పైది గీకితే కిందది లేచింది. ఆపైన వాన మొహం చాటేసింది. జయపాల్ గడ్డిమందు తెచ్చి, పత్తి మీద పడకుండా సాళ్ల మధ్య కొట్టాడు. మందు వేరు దాకా దిగాలంటే ఆకు పచ్చగా, ఏపుగా పెరుగుతూ ఉండాలి. ఎండకు ముడుచుకున్న గరిక ఆ మందును ఏం తీసుకుంటుంది? పైన పసుపెక్కి, తర్వాతి జల్లుకు కింది నుంచి మళ్లీ లేచింది. పత్తి మోకాటి ఎత్తుకే ఎదగడం ఆగిపోయింది.

చేను చూడాల్సిందేనని దావీదురాజు పట్టుబడితే జయపాల్ మోటారుబండి మీద తీసుకుపోయాడు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గరికే.

“ఎండాకాలం తవ్విద్దాం మామా. మనుషుల్ని పిల్చకొస్తా.”

“యాడుండారప్పా మనుషులు? గడ్డపార పట్టేటోళ్లంతా గుంటూరు మిరప్పండ్లు కోయను పోతాండారు. పంట పోయినాక నువ్వూ పోవల్ల, మహిమా పోవల్ల.”

ఇంతలో గొర్రెలు కాసే నరసన్న గట్టు మీద నుంచి కేకేశాడు.

“దావీదన్నా! మేపుకోనిస్తావా? ఇంత గరిక ఈ చుట్టుపక్కల యాడా లేదు. శానా బాగుండాది!”

“ఏం, ఎగతాళి చేస్తాండావా?” జయపాల్ కస్సుమన్నాడు.

“ఎగతాళి యాందుకప్పా? నమ్మకపోతే నా గొర్రెల్నడుగు.”

దావీదురాజు బండి సీటును రెండు చేతులా పట్టుకున్నాడు.

“తోలుకో నరసన్నా.”

“పత్తి గూడా కొరుకుతాయి మల్ల.”

“కొరకనీ. గొర్రెలకన్నా అక్కరకు రానీ.”

గొర్రెలు గట్టు దిగాయి. జయపాల్ బండి తిప్పబోతే దావీదురాజు వద్దని అతని భుజం పట్టుకున్నాడు. గొర్రెలు ఎంత కొరికినా గరిక వేరు కదలదు, కొరికేకొద్దీ నేలను ఇంకా కరుచుకుంటుంది. ఆ సంగతి ఆయనకు ఒకరు చెప్పాలా? ఎండ నెత్తికెక్కేదాకా కదలకుండా అట్లాగే చూస్తూ కూర్చున్నాడు.