మా నాన్నను దాటిపోయిన గిన్నె

మా ఊరి చర్చి సంఘానికి నాన్న విషయం అడుగుతూ నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. పోయిన ఆదివారం ప్రభువు బల్ల దగ్గర సీసాలోంచి ద్రాక్షరసం వంచుతుంటే ఆ తీపి వాసన ఆఖరి బెంచీ దాకా వచ్చింది. ఒకప్పుడు ఆ వాసన మా ఇంట్లో పుట్టేది.

చల్లపల్లి దగ్గర మా ఊళ్లో, నెలకోసారి బల్ల ఆదివారానికి ముందురోజు నాన్న బెజవాడ నుంచి నల్ల ద్రాక్ష తెచ్చేవాడు. అవి దొరకని నెలల్లో ఎండుద్రాక్ష. అమ్మ వాటిని పంచదారతో మరిగించి, పాత పంచె ముక్కలో వడగట్టి, చీమలు పట్టకుండా నీళ్ల పళ్లెంలో గిన్నె పెట్టేది; మిగిలిన పిప్పి కోసం నేనూ చెల్లీ కొట్టుకునేవాళ్లం. మర్నాడు ఆ రసం, క్రీస్తు రక్తానికి గుర్తుగా, ఒకే గిన్నెలో సంఘమంతటికీ అందేది, నాన్నకు తప్ప.

నాన్న తాగుబోతు. అమ్మ కమ్మలు కూడా తాగేశాడు. ఒక క్రిస్మస్ ముందు సంఘం ఎదుట మోకరించి ఒప్పుకుని, మానేశాడు. అయినా సంఘపెద్ద దావీదుగారు గిన్నె తిప్పుతూ నాన్న దగ్గరికి రాగానే చెయ్యి వెనక్కి తీసుకునేవారు.

"వాసన తగిల్తే మళ్లీ మొదలవుద్ది సామేలూ. ఇంకో నెల చూద్దాం."

ఆ ఇంకో నెల ఆరేళ్లయింది.

ఒక వేసవిలో, కాలవకు నీళ్లు కట్టేసిన రోజుల్లో, నాన్నా నేనూ చర్చి నుంచి గట్టు మీద వస్తుంటే తాటితోపులో ఆయన పాత జట్టు కూర్చుని ఉంది.

"ఏం బావా, ఇయ్యాళన్నా పోశారా? పొయ్యకపోతే ఇటు రా, మేం పోస్తాం. మాకు పెద్దలెవరూ లేరు," అన్నాడొకడు. అందరూ నవ్వారు.

నాన్న ఆగాడు. పుల్లటి కల్లు వాసన.

"దానికి బానిసగా బతికింది చాలు. గిన్నె ఇయ్యకపోయినా ప్రభువు గుమ్మం కాడే పడుంటాన్రా," అని నడిచాడు.

సాయంత్రం నేను దావీదుగారింటికి పరిగెత్తాను. "నాన్న తాగలేదండీ, నేను చూశానండీ."

"చూద్దాంలేమ్మా," అన్నారు, పేపరు లోంచి తల ఎత్తకుండానే.

నాన్న ఆ గిన్నె ముట్టకుండానే పోయాడు. సమాధి దగ్గర దావీదుగారే "గొప్ప భక్తుడు" అన్నారు.

ఇప్పుడు ఎవరింట్లోనూ ద్రాక్ష మరగదు. నాన్నా లేడు, అమ్మా లేదు. "మనసులో పెట్టుకోమాక అమ్మాయ్," అనేవాడు నాన్న. నేను పెట్టుకున్నాను. అదీ సంకెలే అంటారు పాస్టరుగారు, కాదనను. నాన్న తన సంకెల తెంపుకున్నాడు, నాకు ఇంకా చేతకాలేదు.

దావీదుగారూ, మీరింకా ముందు బెంచీలోనే కూర్చుంటున్నారు. మానేసినవాడికి ఆ గిన్నె ఎందుకివ్వలేదు? సంఘం ఎదుట నాన్న మోకరించిన చోటే నిలబడి చెప్పండి. అప్పటిదాకా నేనూ ఆ గిన్నె ముట్టను.