ఈరన్న తాత సద్ది

2023 ఎండాకాలం. రాప్తాడు దగ్గర ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా చేస్తున్నాను. కుందుర్పి వైపు గొర్రెలు కాచి ముసలైన ఈరన్న తాత అక్కడే ఉండేవాడు. రాత్రి భోజనానికి ముందు ఆయనకు ఇన్సులిన్ ఇచ్చేదాన్ని.

ఆ నెలలో రెండుసార్లు తెల్లవారుజామున ఆయనకు హైపో అయింది. అంటే రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు, వణుకు. చక్కెర నీళ్లు తాగిస్తే తేరుకున్నాడు. మూడోసారి నిద్రలోనే పోతాడేమోనని నాకు ఒకటే భయం. వడ్డించే లక్ష్మక్కను అడిగాను.

"ముద్దంతా తింటాండాడు సిస్టర్. పళ్లెం ఖాళీగానే వస్తాండాది" అంది.

అంత తిన్న మనిషికి చక్కెర ఎందుకు పడిపోతుంది? ఆ చిక్కు తేలేదాకా నాకు మనసు నిలవలేదు. మర్నాడు భోజనాల దగ్గరే కాపు కాశాను.

తాత సంగటి ముద్దను సగానికి విరిచాడు. ఒక సగం పులుసు తగలకుండా పళ్లెం అంచుకు జరిపి, రెండో సగం తిని చేయి కడుక్కోవడానికి లేచాడు. అంతలో పళ్లేలు ఎత్తే పనమ్మాయి వచ్చి, మిగిలింది గేదెల కుడితి తొట్టిలో దులిపి, ఖాళీ పళ్లెం లోపలికి తీసుకుపోయింది. తొట్టిలోకి తొంగి చూశాను. అలాంటి సగం ముద్దలు ఇంకా చాలా ఉన్నాయి.

"ఏం తాతా, సంగటి పారేస్తాండావు?"

"పారేసేదేమిటికమ్మా? సద్దికి పెట్టుకున్న్యా. పొద్దున్నే మజ్జిగలో పిసుక్కొని తాగేకి."

"ఎత్తుకపోతాంటే చెప్పొద్దా?"

"ఈడ పద్ధతి అదేమోలే అని గమ్మునుండా. అన్నం పెట్టేవాళ్లతో పేచీ యాల?"

సద్ది దాచి పొద్దున ఇద్దామని ఆశ్రమం మేనేజరుతో చెబితే ఆయన మొహం చిట్లించాడు. "పాచి కూడు పెడతాండారని అనరా, సిస్టరమ్మా?"

నాకు ఒళ్లు మండింది. "తాత పోతే ఏమంటారు సార్?" అన్నాను. ఆయన సరేనన్నాడు.

ఆ రాత్రి నుంచే అడిగి వడ్డించడం మొదలుపెట్టాం. సద్ది కావాలన్నవాళ్ల సగం ముద్దను వంటింట్లోనే శుభ్రమైన కుండలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున ఇడ్లీకి ముందే మజ్జిగ, ఉల్లిగడ్డతో ఇచ్చేవాళ్లం. తాత నిజంగా తినేదాన్ని బట్టి డాక్టరు ఇన్సులిన్ తగ్గించాడు. మళ్లీ హైపో రాలేదు. కుడితి కోసం వచ్చే ఆసామి మాత్రం "ఏంది సిస్టర్, మా ఎనుముల నోట్లో మట్టి కొడితివే" అని నా మీద గొణిగాడు.

ఖాళీ పళ్లెం చూసి మనిషి కడుపు నిండిందని నమ్మకూడదని నాకు అప్పుడు తెలిసింది. ఇప్పటికీ ఎవరి పళ్లెంలోనైనా ముద్ద మిగిలితే, పక్కన కూర్చుని "ఇది వద్దా, రేపటికా?" అని అడుగుతాను. "రేపటికి" అన్న మాట వింటే నాకెంత ధైర్యమో చెప్పలేను.