పింగాణి తొట్టి మీద గీతలు

మా ఇలవేల్పు మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. మా ఊరు మాక్లూరులో నా మాట నమ్మేవాళ్లు లేరు, అందుకే మీకు రాస్తున్నాను.

బోధన్‌లో చక్కెర కార్ఖానా కొత్తగా లేచిన రోజులు. మొగుడు పోయిన మా అక్క అక్కడి ఇంజనీరు దొర బంగళాలో అంట్లు తోమే పనికి కుదిరింది. ఇంగ్లీషు సీమ నుంచి తెప్పించిన తెల్లటి పింగాణి తొట్టిని మొదటిరోజే ఇటుకపొడి వేసి, ఇత్తడి బిందెను తోమినట్టు బలంకొద్దీ తోమింది. తొట్టి నిండా గీతలు పడ్డాయి. సాయంత్రంలోగా అవి పోకపోతే పనిలోకి రావద్దంది దొరసాని. అక్కను దింపడానికి వెళ్లిన నేను అక్కడే ఉన్నాను.

"ఫికర్ చెయ్యకు అక్కా. పింగాణి పని నేను హైదరాబాద్‌ల నేర్సుకున్న" అన్నాను.

"నువ్వు హైదరాబాద్ ఎన్నడు పోయినవ్‌రా?" అంది అక్క. అయినా నమ్మింది.

సున్నంలో గుడ్డు తెల్లసొన కలిపి గీతల్లో నింపి, బట్టతో నున్నగా రుద్దాను. తొట్టి కొత్తదానిలా మెరిసింది. దొరసాని వచ్చి చెంబెడు నీళ్లు పోసింది. పూతంతా తెల్లగా కరిగిపోయి గీతలు మళ్లీ తేలాయి.

"అమ్మా, మీ తొట్టి పాలు ఇస్తున్నది!" అన్నాను.

దొరసాని పకపకా నవ్వి, అక్కను పనిలో ఉంచుకుంది.

ఒట్టు వేశాను కాబట్టి ఒప్పుకుంటున్నాను. ఆ నవ్వు, ఆ పని నిలవడం నేను కల్పించినవి. అక్కను ఆ పూటే పంపేశారు. ఇప్పుడు తను చెరుకు నరకడానికి పోతోంది. ఇంట్లో ఇత్తడి బిందెలు నల్లబడ్డా ఇటుకపొడి ముట్టదు. తడిబట్టతో మెల్లగా తుడుస్తూ, "గీతలు పడ్తయ్‌రా తమ్మీ" అంటుంది.