పసుపు పట్టని వల

మేము పెరిగిన కాలంలో నిఘంటువుతో పనిలేని మాట ఒకటి ఉండేది: ఆచారం. దాని అర్థం ఎవరూ చెప్పేవారు కాదు, ఎవరూ అడిగేవారూ కాదు. విడవలూరు దగ్గర మా నాన్న కొట్లో ఆ మాట బెల్లానికీ బియ్యానికీ మధ్య ఎక్కడో ఉండి, అవసరమైనప్పుడు బయటికి వచ్చేది. దీపాలు పెట్టాక ఉప్పు అమ్మడం ఆచారం కాదు. (గిద్దెడు ఉప్పు కోసం ఎవరైనా వస్తే ససేమిరా ఇచ్చేవాళ్లం కాదు. బస్తా కావాలని బండి కట్టుకుని వస్తే మాత్రం ఆచారం కాస్త పక్కకు జరిగి దారి ఇచ్చేది.) సరుకు అయిపోతే ‘లేదు’ అనకూడదు, ‘నిండుకుంది’ అనాలి, అదీ ఆచారమే. ఇవన్నీ చూసి పెరిగిన నాకు ఇరవై ఏళ్లు వచ్చేసరికి సొంత నిర్వచనం ఒకటి కుదిరింది. ఎవరైనా ‘ఆచారం కాదు’ అన్నారంటే బేరం ఇప్పుడే మొదలైందన్నమాట. ఆ నిర్వచనం మా కొట్టు గడప దాటితే చెల్లదని తెలుసుకోవడానికి నాకు పది వలలూ ఒక సముద్రమూ కావలసి వచ్చాయి.

అప్పటికి మా తీరానికి నైలాన్ వలలు కొత్త. పక్కనున్న జాలర్ల పాలెంలో అందరివీ నూలు వలలే. వాటిని రోజూ ఆరబెట్టాలి, బెరడు కాచిన రసంలో ముంచాలి, ఎంత చేసినా చివికిపోయేవి. నేను మద్రాసులో నైలాన్ వల చూసి, లాగి, పంటితో కొరికి (అమ్మేవాడు వద్దని మొత్తుకున్నాడు), పది వలలు తెద్దామని నాన్న దగ్గర పంతం పట్టాను. నాన్న ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. పాలెంలో ఏటా జరిగే గంగమ్మ కొలుపు జాతరలోగా అవి అక్కడ అమ్ముడుపోతే గల్లాపెట్టె పక్కన నాకు పీట. పోకపోతే నాయుడుపేటలో మా మేనమామ కొట్టుకు వెళ్లి, చింతపండు తూస్తూ కూర్చోవాలి. మేనమామ మంచివాడే గానీ, ఆయన కొట్లో కూర్చున్నవాడికి పొద్దస్తమానం ఆయన కడుపునొప్పి కథ వినే పని కూడా ఉండేది.

వలలు మోయించుకుని పాలెం వెళ్లాను. అక్కడ కులపెద్ద అయిన పెదకాపు మాటే చట్టం. ఆయన వలను పట్టి చూశాడు, మోకాలితో నొక్కి లాగాడు, తల ఊపాడు. నా పీట నాకు కనిపించింది. అయితే కొత్త వల ఏదైనా సముద్రంలోకి పోయేముందు గంగమ్మ పేర దానికి పసుపు పూసి అలలో తడపాలి. నూలు వల ఆ పసుపును తాగేసి నెలల తరబడి పచ్చగా ఉండేది. పాలెమంతా చూస్తుండగా నైలాన్ వలకు పసుపు పూసి ముంచారు. పైకి తీస్తే వల మద్రాసులో కొన్ననాటి కంటే తెల్లగా ఉంది. పసుపంతా అలలో కలిసిపోయింది. పెదకాపు చేతులు కడుక్కుని మెల్లగా అన్నాడు: “అమ్మ ఒప్పుకోలా అబ్బయా. ఇది మా ఆచారం కాదు.”

నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. బేరం మొదలైంది కదా. వలకు కొంత తగ్గిస్తానన్నాను. ఆయన సముద్రం వైపు చూశాడు. (ఇది మా నాన్న కూడా వాడే పద్ధతే, కాకపోతే ఆయన కప్పు వైపు చూస్తాడు.) ఇంకొంత తగ్గించాను. మూడోసారి తగ్గించేసరికి ఆయన నా వైపు తిరిగాడు. కోపంగా కాదు, జాలిగా. “నువ్వు రేటు దించితే వలకు పసుపు పడతాదా అబ్బయా?” అన్నాడు. జీవితంలో మొదటిసారి, నిజంగా ‘ఆచారం’ అనే ఉద్దేశంతోనే ఆచారం అన్న మనిషి ఎదురయ్యాడు. ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు.

మర్నాడు బస్సెక్కి కోవూరు వెళ్లి, మా ఇంటి ముహూర్తాలు పెట్టే పంతులుగారిని ఆచారం అంటే ఏమిటని అడిగాను. పెద్దలు చేసినదే ఆచారం అన్నారు. పెద్దలంటే ఎవరన్నాను. మనకంటే ముందు చేసినవాళ్లన్నారు. మరి మొట్టమొదట చేసినవాడికి పెద్దలెవరండీ అన్నాను. ఆయన పంచాంగం మూసి, “పొద్దు పోతోంది నాయనా, నీకు బస్సు తప్పిపోతుంది” అన్నారు. బస్సుకు ఇంకా గంటన్నర ఉంది.

కొలుపు నాలుగు రోజుల్లో ఉందనగా కొట్టుకు తూకాలవ్వ వచ్చింది. పెదకాపుకు తల్లి. చేపను చేత్తో ఎత్తి బరువు చెబితే త్రాసు కూడా ఆమె మాటే వినేది, అందుకని ఆ పేరు. పొగాకు కోసం వచ్చిన మనిషి మూలన పడున్న వలల దగ్గర కూర్చుని, ఒకటి లాగి చూసింది. చివికిన వలలు అల్లీ అల్లీ ఆమె వేళ్లు కొంకర్లు పోయి ఉన్నాయి.

“చిన్నశెట్టీ, పెండ్లికూతురికి తాళి మెడకు కడతారా, ఒళ్లంతా చుడతారా?” అంది.

మెడకే కదవ్వా అన్నాను.

“మరి వలంతా పసుపు పట్టాలని ఎవురు చెప్పినారు? మూలన ఒక నూలుదారం కట్టు. దానికి పసుపు పుయ్యి. యాడికి పోతాదో చూస్తా.” నేను లేచి నిలబడేలోగా తర్వాతి మాట కూడా అనేసింది: “వలకు దారం ఉండొకటీ, పసుపుకొమ్మొకటీ కొసరు. నాకు మాత్రం పొగాకు కట్ట వేరే.”

ఒప్పుకున్నాను. బేరమాడాలన్న ఆలోచన కూడా రాలేదు. ఆ తప్పు నేను చేయడం అదే మొదలు.

సాయంత్రం పాలెంలో అందరి ముందూ ఆమె దారం కట్టి, పసుపు పూసి, అలలో ముంచి తీసింది. దారం పచ్చగా నిలిచింది. పెదకాపు ఇంకా సందేహంగానే, ఇట్టా ముందెప్పుడైనా చేసినారా అమ్మా అని అడిగాడు. తూకాలవ్వ రెప్ప కొట్టలేదు. “మా అత్త కాలంలో ఇట్టనే కదరా చేసినారు” అంది. ఆమె అత్త కాలంలో నైలాన్ అన్న మాటే పుట్టలేదు. కానీ పాలెంలో తూకాలవ్వ కంటే పెద్దవాళ్లు ఎవరూ మిగల్లేదు. పంతులుగారు చెప్పకుండా వదిలేసిన జవాబు నాకు ఆ ఇసుకలో దొరికింది. పది వలలూ అమ్ముడుపోయాయి, నాకు పీట వచ్చింది. మేనమామ కడుపునొప్పిని వేరెవరో విన్నారు.

చాలా ఏళ్ల తర్వాత, ఇంజను పడవలు వచ్చాక, పెదకాపు మనవడు వల కొని, మా కొట్లో నూలుదారం నిండుకుందంటే నా మీద గట్టిగా లేచాడు. “ఏంది పెద్దాయనా, ఇంతకాలంగా అంగడి పెట్టుకోనుండారు, మా ఆచారం తెలీదా మీకు? తాతముత్తాతల నాటిది. దారం లేకుండా వల నీళ్లలో దిగదు” అన్నాడు. చెబుదామని నోరు తెరిచాను. ఆ తాతముత్తాతల్లో ఒకడు అతని ముందే కూర్చున్నాడని, ఆ ఆచారానికి ఖర్చు ఒక పొగాకు కట్ట అని. కానీ అతని మొహంలో అతని తాత కనబడ్డాడు. నెల్లూరుకు మనిషిని పంపి దారం తెప్పించాను.

మొన్న కొట్టుకు కొత్త త్రాసు వచ్చింది. మొదటి తూకం వేసేముందు దాని కాడకు పసుపు దారం కడుతుంటే మా ఆవిడ చూసి, ఇదెక్కడి ఆచారమండీ, మీ నాన్నగారు ఎప్పుడూ కట్టలేదే అంది. పెద్దలు చేసినదే అన్నాను. ఏ పెద్దలు అంది. ముడి బిగించి, పచ్చబడ్డ వేళ్లు పంచెకు తుడుచుకుని, “పొద్దు పోతోంది, కొట్టు తెరవాలి” అన్నాను.