గాలి లేని సముద్రంలో వదినకు పాఠాలు

పొలాలకు డ్రోన్‌తో మందు కొట్టే పనికి మా వదిన పేరు ఇచ్చిన రోజున, ఇంట్లో ఎగిరి గంతేసింది నేనొక్కడినే. పదిహేను రోజుల్లో గుడివాడలో పరీక్ష. పాసైతే మా ఊరు బంటుమిల్లిలో వాళ్ల మహిళా సంఘం కొన్న డ్రోన్ ఆమెది, లేకపోతే పక్క వీధి ఆవిడది. శిక్షణలో డ్రోన్ చేతికొచ్చేది రోజుకు పది నిమిషాలే.

"మిగతాది నేను నేర్పుతాగా!" అన్నాను. నా కంప్యూటర్‌లో యుద్ధనౌకల ఆట ఉంది. నౌక మీంచి హెలికాప్టర్‌ని లేపి, జలాంతర్గామిని వెతికి, మళ్లీ డెక్ మీద దించాలి. డ్రోన్ రిమోట్‌కీ నా గేమ్‌ప్యాడ్‌కీ వేళ్లతో తిప్పే రెండేసి పుల్లలే కదా, ఇంకేం కావాలి?

అబ్బో, ఆ హెలికాప్టర్ సంగతి చెప్పాలి! తుఫానులో నౌక ఊగిపోతుంటే అది మాత్రం గోడకు కొట్టిన మేకులా గాల్లో కదలకుండా ఉండేది. ముక్కు వంచకుండానే దూసుకెళ్లేది. ఎంత వేగంలో ఉన్నా పుల్ల వదిలితే టక్కున ఆగేది. నాకదే తెగ నచ్చేది.

"కంగారొస్తే చేతులు తీసెయ్ వదినా, అదే ఆగుద్ది" అని రోజూ నూరిపోశాను. ఆమె బుద్ధిగా తలూపేది.

పరీక్ష రోజు కోత కోసిన చేలో నిలబడ్డాం. సముద్రం వైపు నించి ఈదురుగాలి. వదిన కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, డ్రోన్ లేపింది. పరీక్ష పెట్టేవాయన దగ్గరకొచ్చి, "జీపీఎస్ తీసేస్తున్నానమ్మా. ఇక దానంతటది ఆగదు. గాలికి కొట్టుకుపోకుండా మీరే ఆపాలండి" అన్నాడు.

నేను నేర్పిందంతా తప్పు!

డ్రోన్ పక్కకు కొట్టుకుపోసాగింది. వదిన చేతులు తీయలేదు. గాలికి ఎదురుగా పుల్లను కాస్త కాస్తగా తోస్తూ, దాన్ని గాలికి వాల్చి అక్కడే నిలబెట్టింది. ఆయన చెప్పిన గుర్తు మీదే దించింది. "పాసయ్యారమ్మా" అని ఆయన అనగానే నేను కేక పెట్టాను. పక్క చేలోవాళ్లు కూడా తిరిగి చూశారు.

తిరుగు దారిలో, నా స్కూటర్ వెనక కూర్చున్న వదినను ఉండబట్టలేక అడిగాను, చేతులెందుకు తీయలేదని.

"నీ ఆటలో గాలే లేదబ్బాయ్. చేలో గాలికి ధాన్యం తూర్పారబట్టినదాన్ని, నాకా మాత్రం తెలీదా? మొదటి రోజే అనుకున్నా."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నేర్పడం మానేస్తావుగా. ఈ ఇంటికొచ్చి ఎనిమిదేళ్లయింది. పక్కన కూర్చోబెట్టుకుని నాకేదన్నా నేర్పింది నువ్వొక్కడివే."

సంతోషమో సిగ్గో తెలియదు, కళ్లు చెమ్మగిల్లాయి. కాలవ గట్టు మీద స్కూటర్ ఆపి, దిగి, ఇంతవరకూ బండి నడపని ఆమె చేతికి హ్యాండిల్ ఇచ్చాను.